కారెక్కిన పుట్టింటి కోక

పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళినవాడికి రెండో బంతిలోనైనా చోటు దొరుకుతుంది. చావుకి ఆలస్యంగా వెళ్ళినవాడికి ఆ సదుపాయం లేదు. నేను చావుకి ఆలస్యంగా వెళ్ళాను. అంతటితో ఆగితే నా గొప్పేముంది? మా నాన్నని తీసుకెళ్ళి ఇంకెవరి చావులోనో కూర్చోబెట్టాను. ఈ ఘనకార్యానికి ముందు, రైలు మంచిదా కారు మంచిదా అని మా వాకిట్లో నిలబడి అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో కూడా ఈ సంగతి ఎత్తినప్పుడు అందరూ నవ్వడం మొదలుపెడతారు, సగంలో ఎందుకో ఆపేస్తారు.

అప్పటికి నేను కారు కొని నలభై రోజులు. మాది కోటబొమ్మాళి. హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. కారు సెకండ్ హ్యాండుదే అయినా దర్జా మాత్రం కొత్తది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కారువాడు నడకెరగడు. కొత్తిమీర కట్టకి కారు. క్షౌరానికి కారు. స్కూలు మా ఇంటికి ఎదురు సందులోనే ఉంది, దానికీ కారే. నేను కారు తీసి, తిప్పి, మళ్ళీ పెట్టేలోగా పిల్లలు ప్రార్థన ముగించేసేవారు. ఇక దూరప్రయాణం అంటారా, ఒకసారి శ్రీకూర్మం వెళ్ళొచ్చాను. అక్కడ కారు ఆపుకోవడానికి ఇంత మైదానం ఉంటే, అది చూసి నాకు డ్రైవింగు వచ్చేసిందనుకున్నాను. విశాఖపట్నం మాత్రం బస్సులో, రైల్లో ఎన్నోసార్లు చూశాను గానీ స్టీరింగు వెనక నుంచి ఎన్నడూ చూడలేదు.

ఒకనాడు తెల్లవారుతూనే ఫోను వచ్చింది. విశాఖపట్నం మర్రిపాలెంలో ఉండే మా అత్త సూరీడమ్మ పోయింది. నాన్నకి అక్క. మావాళ్ళు అక్కని అప్ప అంటారు. నాన్నకి ఊహ తెలియకముందే వాళ్ళమ్మ పోతే ఆ అప్పే పెంచింది. ఆరు నెలలుగా మంచంలో ఉంది. నాన్న చూడ్డానికి వెళ్దామంటూనే ఉన్నాడు. నాట్లవనీ అన్నాడు, కోతలవనీ అన్నాడు. కోతలయ్యాయి, నూర్పులవనీ అన్నాడు. ఫోను వచ్చేసరికి అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. విని, అరచేతిలో పళ్ళపొడి అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. చాలాసేపటికి అమ్మ వచ్చి ఆ చెయ్యి కడిగింది.

"పన్నెండున్నరకి ఎత్తుతాం, ఈలోగా మీరు కోక తెచ్చీండి మావయ్యా" అన్నాడు అత్త కొడుకు ఫోన్లో. మావైపు ఆడకూతురు ఏ వయసులో పోయినా పుట్టింటివాళ్ళు కోక తెచ్చి కప్పాలి. అది కప్పుకుని వెళ్తేనే పుట్టింటివాళ్ళు సాగనంపినట్టు. నాన్న లేచి, బట్టల కొట్టు ఇంకా తెరవకపోతే షావుకారి ఇంటికెళ్ళి తలుపు కొట్టి, కొట్టు తెరిపించి, తానే ఏరి ఒక ఆకుపచ్చ చీర తెచ్చాడు.

"మొగుడు పోయినాక అప్ప పచ్చ రంగు కట్టడం మానీసినాది. కప్పుకునైనా ఎల్తాది" అన్నాడు.

ఈలోగా మా అక్క మొగుడు తవిటినాయుడు బావ వచ్చేశాడు. పక్క వీధిలోనే ఉంటాడు. ప్రపంచంలో ఏ సమస్యకైనా రైలే పరిష్కారమని నమ్మే మనిషి.

"ఎనిమిదింటికి పాసింజరున్నాది. అందరం ఎక్కీద్దాం. పదకొండుంపావుకి దిగిపోతాం, ఆటో కట్టించుకుంటే పది నిమిషాలు" అన్నాడు.

ఇక్కడే నేను గొంతు సవరించుకున్నాను. చావు కబురు వచ్చిన ఇల్లన్న మాటే మర్చిపోయి, పాఠం మొదలుపెట్టాను. రైలు మన మాట వింటుందా? ఏ గూడ్సు బండి కోసమో పొలాల మధ్య ఆపేస్తే దిగి తొయ్యగలమా? స్టేషన్లో మెట్లు నాన్న మోకాళ్ళు ఎక్కగలవా? బస్సంటారా, చేయి చూపిన ప్రతివాడి దగ్గరా ఆగుతుంది. అదే కారయితే మన గుమ్మంలో ఎక్కి అత్త గుమ్మంలో దిగుతాం. నాలుగు లైన్ల రోడ్డు. రెండున్నర గంటలు.

"గుమ్మం సరేరా, ఆ గుమ్మమూ సరే. మధ్యన అంత పట్నం ఉన్నాది కదా, దాన్నేటి సేస్తావు?" అన్నాడు బావ.

"ఫోన్లో మ్యాపుంది బావా. మ్యాపులు పాఠం చెప్పేవాడిని, నాకు చెబుతావా?"

"నువ్వు సెప్పీ మ్యాపుల్లో ఆఫ్రికా ఉన్నాదిరా. మర్రిపాలెం ఉన్నాదేటి?"

అమ్మ సంచి సర్దుకుంటూ, "కారెక్కితే నాకు డోకొస్తాది. నాను నాయుడితో రైలుకే ఎల్తాను" అని తేల్చేసింది. అందరం నాన్న వైపు చూశాం. ఆయన నా మొహంకేసి ఒక్క క్షణం చూశాడు.

"నాను సీనుగాడి కారుకే వస్తాన్లే" అన్నాడు.

గెలిచాను. గెలిచిన ఊపులో ఇంకో పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పట్నంలో నలుగురి ముందు ఆగే కారు దుమ్ముకొట్టుకుని ఉంటే బాగుండదని, బకెట్టూ గుడ్డా తెచ్చి కారు కడిగాను. చావుకి వెళ్తూ! నాన్న చీర సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. పాసింజరు కూత వేసుకుంటూ వెళ్ళిపోవడం మా ఇద్దరికీ వినపడింది. మేము బయల్దేరేసరికి ఎనిమిదిన్నర దాటింది.

జాతీయ రహదారి మీద కారు నిజంగానే బాగా పోయింది. శ్రీకాకుళం దాటేవరకూ నా ఉపన్యాసం రెండో భాగం సాగింది. నాన్న సంచి మీద చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, మధ్యలో ఒకే ఒక్క మాట చెప్పాడు.

"నాకు సిన్నప్పుడు జొరమొస్తే అప్ప నన్ను సంకనేసుకుని టెక్కలి దాకా నడిసీసిందిరా. దానికప్పుడు పదకొండేళ్ళు."

ఆ తర్వాత నాకు ఉపన్యాసం సాగలేదు.

మధురవాడ దాటాక పట్నం మొదలైంది. పట్నం మొదలవడమంటే ఏమిటో మీకు చెప్పాలి. అప్పటిదాకా కారు నేను నడిపాను. అక్కడి నుంచి పట్నమే నన్ను నడిపింది. ఎడమవైపు బస్సు, కుడివైపు లారీ, ముందు ఆటో, ఆ మూడింటి సందుల్లో ఈగల్లా మోటారు సైకిళ్ళు. వెనకవాడు హారను మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయాడు. నా కాళ్ళు రెండే, తొక్కాల్సినవి మూడు. హనుమంతవాక సిగ్నల్లో కారు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఆగినప్పుడు పక్క ఆటోవాడు తల బయట పెట్టి, "మాస్టారూ, దిగీసి తొయ్యమంటారేటి?" అన్నాడు. నేను మాస్టర్నని వాడికెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు. నా మొహం మీదే రాసి ఉందేమో.

పదకొండున్నరకి బావ ఫోను చేశాడు. నాన్న తీసి నా చెవి దగ్గర పెట్టాడు.

"మేం దిగిపోనాం. ఇంటికొచ్చీసినాం. మీరెక్కడున్నారు?"

"వచ్చేశాం బావా, ఇంకో పది నిమిషాలు."

ఫోన్లో మ్యాపు ముప్పై అయిదు నిమిషాలంటోంది. నేను దాన్ని నమ్మలేదు. అది కూడా నన్ను నమ్మడం మానేసినట్టుంది. మ్యాపులోని అమ్మాయి గొంతు ఎడమకి తిరగమంటే, నేను తిరిగేలోపు ఎడమ అయిపోయేది. అలా తిరగాల్సిన చోట్లన్నీ దాటేసి, మర్రిపాలెం కూడా దాటేసి, ఎన్ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవరు ఎక్కేశాను. అది ఫ్లైఓవరు కాదండీ, జిలేబీ. ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగుతుందో తినేవాడికే తెలీదు. ఒక చుట్టు తిరిగాను. దిగాల్సిన చోట లారీ అడ్డం వచ్చింది. ఇంకో చుట్టు.

"ఒరే సీనూ, ఈ నగల కొట్టు బొమ్మ ఇందాకల సూసినాం కదరా?" అన్నాడు నాన్న మెల్లిగా.

"ఇది వేరే బొమ్మ నాన్నా."

మూడో చుట్టులో ఆ బొమ్మలోని అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టి నవ్విందనిపించింది. నాన్న సంచి గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు.

కిందికి దిగి, మర్రిపాలెం వైపు మళ్ళి, అత్తవాళ్ళ కాలనీ పట్టుకునేసరికి పన్నెండూ అయిదు. ఏడాది కిందట ఆ ఇంటికి మారారు గనక మాలో ఎవరూ అది చూడలేదు. సందులు మా పొలం గట్ల కన్నా కొంచెమే వెడల్పు. ఒక సందు చివర శామియానా కనపడింది. కుర్చీలు, తల వంచుకుని నిలబడ్డ మగవాళ్ళు, పూలు చుట్టిన వ్యాను. నా వెనక ఒక నీళ్ళ ట్యాంకరు నిలబడి హారను కొడుతోంది.

"అదిగో నాన్నా, టెంటు. నువ్వు దిగి వెళ్ళు. నేను బండి ఎక్కడైనా పెట్టి వచ్చేస్తాను."

చూశారా ఎంత తేలిగ్గా అన్నానో? గుమ్మం నుంచి గుమ్మానికి దింపుతానన్నవాడిని, సందు మొదట్లో దింపేసి వేలు పెట్టి చూపించాను. నాన్న సంచి పట్టుకుని, ఆ మోకాళ్ళతో, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

ఇక బండి పెట్టే కథ. ఒక గేటు ముందు పెడితే గేటులోంచి ఒక పెద్దాయన వచ్చి, "ఇది మా ఇల్లు బాబూ, రోడ్డు కాదు" అన్నాడు. గోడ పక్కన పెడితే, దాని మీద 'ఇక్కడ బండి పెట్టినచో గాలి తీయబడును' అని రాసి ఉంది. కొబ్బరి బొండాలవాడి పక్కన పెడితే వాడు కత్తి ఊపుతూ మాట్లాడాడు; బొండం కొట్టే కత్తే అయినా నాకు ధైర్యం చాలలేదు. చివరికి అర మైలు అవతల ఒక కల్యాణ మండపం వెనక చోటు దొరికింది. అక్కడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. మధ్యలో బావ ఫోను.

"ఏటిరా ఇది! పన్నెండున్నర కావస్తన్నాది. ఎత్తీడానికి అందరూ నిలబడ్డారు. మావ ఎక్కడ?"

"నాన్న ఎప్పుడో వచ్చేశాడు కదా బావా! అత్త పక్కనే ఉంటాడు చూడు."

"అత్త పక్కన మేమున్నాంరా!"

"కుడి పక్కన చూడు."

"శవానికున్నవి రెండే పక్కలురా సన్నాసీ! ఒక పక్క మీయమ్మున్నాది, ఒక పక్క నానున్నాను!"

అప్పటికి నేను శామియానా దగ్గరికి వచ్చేశాను. స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఫొటో ఉంది. గుండ్రటి ముఖం, ముక్కుకి రెండు వైపులా పుడకలు. కింద 'పార్వతమ్మ' అని ఉంది.

ఫోను దానంతట అదే చెవి మీంచి జారింది.

లోపల పాడె పక్కన మా నాన్న కూర్చుని ఉన్నాడు. "సూరీడప్పా, సూరీడప్పా, ఆలీసం అయిపోనాదే" అని ఏడుస్తున్నాడు. పాడె మీద ఆ పెద్దావిడకి మెడ దాకా మా ఆకుపచ్చ చీర కప్పి ఉంది. గడ్డం కింద కట్టు, మొహం చుట్టూ బంతిపూలు, జబ్బుతో ఎండిపోయిన ముఖం. ఆరు నెలలుగా మంచంలో ఉన్న మనిషి ఇలాగే ఉంటుందనుకుని ఉంటాడు. ఆయన కళ్ళలో శుక్లాలు, వాటి మీద కన్నీళ్ళు. పోయినావిడ కూతురు, నలభై ఏళ్ళామె, నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వెక్కుతోంది. ఎదురుగా పోయినావిడ ఆడపడుచు కాబోలు, బొద్దుగా ఉన్న ముసలామె, నాన్నని దులిపేస్తోంది.

"ఇప్పటికి గుర్తొచ్చినాదేటయ్యా తోడబుట్టింది? ఇష్టపడి మావోణ్ణి సేసుకున్నాదని గడప తొక్కనివ్వలేదు. యాభై ఏళ్ళకి, కోక పట్టుకుని ఇప్పుడొచ్చినావా?"

నాన్న చెంపలేసుకున్నాడు. "తప్పయిపోనాది తల్లీ. రైలుకొచ్చీవలసింది. మావోడి కారు వల్ల ఆలీసమైపోనాది."

ముసలామె తిట్టడం ఆపి నోరు తెరిచింది. "యాభై ఏళ్ళాలీసం కారు వల్లేటి?"

మీరు ఇక్కడ నవ్వితే నాకు అభ్యంతరం లేదు. అక్కడ కూడా వెనక వరసలో ఎవరో కిసుక్కుమని, దగ్గుగా మార్చుకున్నారు. నేను జనాన్ని తప్పించుకుని పాడె దగ్గరికి వెళ్ళాను. వంగి నాన్న చెవిలో, "నాన్నా, ఇది అత్త కాదు. వేరే ఇల్లు" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. పెదాలు కదిపీ కదపనట్టు అన్నాడు. "తెల్సినాదిరా. కోక కప్పి మొకం తుడిసినాక తెల్సినాది. అప్పకి ముక్కుపుడక ఒక పక్కే."

"మరి ఏడుస్తున్నావేంటి?"

"ఏడుపు ఆగితేనా? ఈ గుంట సెయ్యి వదల్టం నేదు. కప్పిన కోక తీసీమంటావా? పుట్టింటోళ్ళు ఒచ్చీసినారని అందరూ అనీసుకున్నారు. ఎలగ తీస్తానురా?"

జీవితంలో ఉపన్యాసం అవసరమైన ఒకే ఒక్క చోట నా నోరు పడిపోయింది. నాన్నే మెల్లిగా ఆమె వేళ్ళు విడిపించుకుని, తల మీద చెయ్యి పెట్టి, "ఉండమ్మా, వస్తాను" అన్నాడు. పెద్దావిడ కాళ్ళకి మొక్కాడు. లేవలేకపోతే నేను పట్టుకున్నాను.

బయటికి వచ్చి కారు కోసం నేను అటు తిరిగితే నాన్న మొదటిసారి గొంతు పెంచాడు. "కారొద్దు!"

ఆటో ఎక్కాం. ఆటోవాడు అడ్రసు విని, మ్యాపు చూడకుండా, రెండు సందులు తిప్పి నాలుగు నిమిషాల్లో అత్తవాళ్ళ గుమ్మంలో దింపాడు. గుమ్మంలో నీళ్ళు పోసి కడుగుతున్నారు. ఆ నీళ్ళు చూడగానే నాన్న అక్కడే గోడ పట్టుకున్నాడు. శవం వెళ్ళిపోయాక చల్లే నీళ్ళవి.

అమ్మ ఎదురొచ్చింది. "ఇప్పుడే ఎత్తీసినారు. ఎండ పెరిగిపోతన్నాది, ఇంక ఆపనేమన్నారు."

"కోక నేకుండానే ఎల్లిపోనాదా?" అన్నాడు నాన్న. ఆ గొంతు నాకింకా చెవిలో ఉంది.

"కోక కప్పినాను. నానొకటి తెచ్చినాను."

"నువ్వెందుకు తెచ్చినావు? నా కాడ ఉన్నాది కదా?"

అమ్మ నా వైపు చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. వాన వచ్చేలా ఉంటే గొడుగు తెచ్చుకున్న మనిషిలా చెప్పింది.

"వీడు కారు కడగడం సూసినాను కదా. సూసి, పెట్టిలోది కొత్తది ఒకటి సంచిలో ఏసుకున్నాను."

బావ వెనక్కి వచ్చి, ఎవరిదో స్కూటరు మీద నాన్నని ఎక్కించుకుని శ్మశానానికి తీసుకెళ్ళాడు. నేను ఇంకో ఆటోలో వెళ్ళాను. మేము వెళ్ళేసరికి నిప్పు పెట్టేశారు. నాన్న మంటకి ఎంత దగ్గరగా వెళ్ళనిచ్చారో అంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. మొహం చూడడానికి అక్కడేమీ మిగల్లేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. సంచి పట్టుకుని పట్టుకుని అలవాటైపోయిన చేతులు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచె అంచు పట్టుకుని నలుపుతున్నాయి. నేను పక్కన నిలబడి "నాన్నా" అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "పొగ కళ్ళల్లో పడతాది, ఎనక్కిరా" అన్నాడు.

సాయంత్రం వాళ్ళు ముగ్గురూ రైలెక్కారు. నేను ఖాళీ కారు తోలుకుంటూ ఒక్కడినే వచ్చాను. స్టేషన్లో అమ్మ నన్ను పక్కకి పిలిచి ఒక మాట చెప్పింది. పొద్దున్న కారెందుకెక్కుతున్నావని అడిగితే నాన్న అన్నాడట: "కొత్తగా కొనుక్కున్నాడు. ఎవలం ఎక్కకపోతే గుంటడు సిన్నబోతాడు." ఆ మాట నాతోపాటు శ్రీకాకుళం దాకా ముందు సీట్లో కూర్చుని వచ్చింది. ఇల్లు చేరేసరికి వాళ్ళు భోజనాలు కూడా చేసేశారని చెప్పడం అనవసరం.

పెద్దకర్మకి నాన్న నన్ను తీసుకుని రైల్లో వెళ్ళాడు. అత్తవాళ్ళింట్లో భోజనం అయ్యాక, "పద, ఆ అమ్మాయికి నిజం సెప్పీసి వద్దాం. అబద్దం నా మీద ఉండిపోనాది" అన్నాడు. నడుచుకుంటూ వెళ్ళాం. పార్వతమ్మ కూతురు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చింది. నాన్న తల వంచుకుని మొత్తం చెప్పాడు. కారు సంగతి, ట్యాంకరు సంగతి, నేను వేలు పెట్టి చూపించిన సంగతి కూడా.

ఆమె అంతా విని, "నాకారోజే తెల్సు బాబూ. మీరు సూరీడప్పా అని ఏడ్సినారు. మాయమ్మ పేరు పార్వతి" అంది.

"మరి నువ్వెందుకు ఊరుకున్నావమ్మా?"

"మాయమ్మని అప్పా అని పిలిసి ఏడ్సినోళ్ళు ఇంకెవలూ రానేదు. పేరు తప్పయితే ఏటయినాది?"

తిరుగు రైల్లో కొత్తవలస దాటాక నాన్న నా వైపు తిరిగి, "నీ కారు మొత్తానికి ఒక గుమ్మంలోకైతే ఎల్లిందిరా" అన్నాడు. ఆయన నవ్వాడో, ఏడ్చాడో, ఆ సీట్లో కూర్చుని నేను తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు మా కారు వాకిట్లోనే ఉంటుంది. ఎండాకాలంలో దాని మీద అమ్మ వడియాలు పెడుతుంది. అవి మాత్రం ఏనాడూ ఆలస్యం కాకుండా ఎండుతాయి. నేను ఇంటిల్లిపాదినీ పిలిచి, తూర్పు ముఖంగా నిలబడి, చెయ్యి చాచి శపథం చేశాను. ఈ దేహంలో ప్రాణం ఉండగా మధురవాడ అవతల స్టీరింగు పట్టను, పాసింజరు కూత వినపడే దూరంలో రోడ్డు రవాణా మీద ఉపన్యాసం ఇవ్వను, దుఃఖంలో ఉన్న ఇంటి ముందు కారు కడగను.

శపథానికి బలం చేకూరాలని అమ్మ తల మీద చెయ్యి పెట్టబోయాను. ఆవిడ చటుక్కున పక్కకి జరిగింది.

"నా తల మీదొద్దు బాబూ," అంది. "ఆ కారు మీదెట్టుకో. పోతే అదే పోతాది."